ఏటి ఒడ్డు చెట్టు, ఇంటి ముందు చోటు: అలంకరణకు విల్లోలను ఎన్నుకునే విధం



నేటి ప్రసంగ విషయం విల్లో చెట్టు. నేల వరకు జాలువారే కొమ్మలతో, కత్తి మొన వంటి సన్నని ఆకులతో, నీటి అంచున తల వంచి నిలిచే ఈ చెట్టును చిత్రపటాలలోనైనా చూడనివారు అరుదు. విదేశాలలో స్థిరపడిన పిల్లల ఇళ్లకు వెళ్లివచ్చిన తల్లిదండ్రులు కొందరు దానిని కళ్లారా చూసి, అటువంటి చెట్టు ఒకటి తమ ఇంటి ముందు ఉంటే బాగుండునని ఆశపడుతున్నారు. ఆ ఆశలో తప్పేమీ లేదు. అయితే విల్లో విషయంలో ఒక్క సూత్రం మరచిపోరాదు. కొమ్మను చూసి ముచ్చటపడవచ్చును గాని, వేరును చూసి ఎన్నుకోవాలి. ఈ సూత్రాన్ని విడమరచి చెప్పడమే ఈ ప్రసంగ ప్రయోజనం.

విల్లో అన్నది ఒక్క చెట్టు పేరు కాదు. శాస్త్రజ్ఞులు సాలిక్స్ అని పిలిచే ప్రజాతిలో సుమారు 400 జాతులు ఉన్నాయి. వీటిలో ఆకాశాన్ని అందుకునే వృక్షాలు ఉన్నాయి, మనిషి ఎత్తు దాటని పొదలు ఉన్నాయి, ధ్రువప్రాంతాలలో నేలను అంటిపెట్టుకొని పాకే అంగుళాల ఎత్తు మొక్కలు కూడా ఉన్నాయి. ఆడ, మగ పూలు వేర్వేరు చెట్లకు పూయడం వీటి లక్షణం. పచ్చి కొమ్మను విరిచి తడి నేలలో గుచ్చితే వేరు పట్టడం మరొక లక్షణం. జ్వరాలకు వాడిన విల్లో బెరడు నుండి శాస్త్రజ్ఞులు 1828లో సాలిసిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. ఆ పరిశోధనల పరంపరలోనే కాలక్రమేణా ఆస్పిరిన్ పుట్టింది. క్రికెట్ బ్యాటు ఈ చెట్టు కలపతోనే తయారవుతుంది. కాశ్మీరులో బ్యాట్లకే కాక బుట్టలకు, కాంగ్డీ కుంపట్లను పొదిగే అల్లికకు కూడా విల్లోలే ఆధారం.

వేలాడే విల్లోకు శాస్త్రీయనామం సాలిక్స్ బాబిలోనికా. 1753లో లిన్నేయస్ ఈ పేరు పెట్టాడు. స్వదేశానికి దూరమై, బాబిలోను నదుల ఒడ్డున కూర్చొని విలపించిన ప్రజల ప్రస్తావన బైబిలు కీర్తనలలో ఉన్నది. వారు తమ వాద్యాలను తగిలించిన చెట్లు ఇవేనన్న నమ్మకం మీద ఆ పేరు వచ్చింది. అది పొరపాటు. ఆ నదుల ఒడ్డున పెరిగేది పోప్లార్ జాతి వృక్షం. వేలాడే విల్లో పుట్టిల్లు చైనా. అక్కడ ప్రయాణమై వెళ్లేవారికి విల్లో రెమ్మను విరిచి ఇచ్చే ఆచారం పూర్వం ఉండేది. ఆ భాషలో విల్లో అన్న మాట, ‘ఉండిపో’ అన్న మాట ఇంచుమించు ఒకే విధంగా ధ్వనిస్తాయి. పారసీకంలో దీనిని ‘బేదె మజ్నూన్’, అంటే మజ్నూ విల్లో అన్నారు. చెదిరిన జుట్టుతో తల వంచిన విరహి రూపం వారికి ఈ చెట్టులో కనిపించింది. ఊరు విడిచి వచ్చినవారి మనసుకు ఈ చెట్టు దగ్గరగా తోచడంలో ఆశ్చర్యమేమీ లేదు.

తెలుగువారికి మరింత దగ్గరైన విషయం ఒకటి ఉన్నది. దక్షిణదేశపు ఏళ్ల ఒడ్డున సహజంగా పెరిగే విల్లో జాతి ఉన్నది. తెలుగులో దాని పేరు ఏటిపాల. ఏటి ఒడ్డున పెరిగేది గనుక ఏటిపాల. తమిళులు సరిగ్గా అదే అర్థంతో ఆట్రుపాలై అంటారు. కన్నడంలో నీరవంజి, మరాఠీలో వాళుంజ్ అన్న పేర్లు ఉన్నాయి. అమరకోశం వేతసం, వానీరం, వంజులం అనే పేర్లను ఒకచోట చేర్చింది. ఆ మాటలకు ప్రబ్బ అని కొందరు, విల్లో అని కొందరు అర్థం చెప్పారు. ఏటిపాలకు శాస్త్రలోకంలో సాలిక్స్ టెట్రాస్పర్మా అని పేరు పెట్టినవాడు విలియం రాక్స్‌బర్గ్. ఆయన 1781 నుండి 1793 వరకు కాకినాడ సమీపాన సామర్లకోటలో ఉండి, అక్కడ తోట పెంచి, తెలుగు నేల మీది మొక్కలను పరిశీలించి, స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. 1795 నుండి లండనులో వెలువడిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం మొదటి సంపుటంలో ఈ చెట్టుకు చోటు దొరికింది. ‘టెట్రాస్పర్మా’ అంటే నాలుగు గింజలది అని అర్థం. కనుక విల్లో కోసం దూరదేశాల వైపు మాత్రమే చూడవలసిన పని లేదు.

ఇక ఎంపికకు రావాలి. విల్లో స్వభావాన్ని ఒక్క మాటలో చెప్పాలంటే, అది నీటిని వెతుక్కుంటూ పోయే చెట్టు. వేళ్లు లోతుకు దిగడం కంటే పక్కలకు పరుచుకోవడం ఎక్కువ. పెరుగుదల వేగం మెండు. వేగంగా పెరిగే కలప పెళుసుగా ఉంటుంది గనుక గాలివానకు కొమ్మలు విరుగుతాయి. ఆయుర్దాయం కూడా మర్రి, చింతలతో పోల్చదగినది కాదు. పూర్తిగా ఎదిగిన వేలాడే విల్లో 12 నుండి 15 మీటర్లు, అనుకూలమైన నేలలో అంతకు మించి పెరుగుతుంది. దాని కొమ్మల విస్తీర్ణం ఇంచుమించు ఎత్తుకు సమానం.

ఈ కొలతలను బెంగళూరు ఇంటి స్థలంతో పోల్చి చూడాలి. నగరంలో సర్వసాధారణమైన నివేశనం 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు. అంటే ఇంచుమించు 9 మీటర్లు, 12 మీటర్లు. చెట్టు కొమ్మలు ఒక్కటే ఇల్లు, వాకిలి, సంపు, ప్రహరీ అన్నింటినీ కప్పివేసి పొరుగువారి డాబా మీదికి సాగుతాయి. వేళ్లు అంతకంటే దూరం పోతాయి. గేటు పక్కన మిగిలిన నాలుగడుగుల మట్టిలో మూడడుగుల మొక్కను నాటిన రోజున ఈ లెక్క ఎవరికీ గుర్తు రాదు. ఎనిమిది, పదేళ్ల తరువాత మురుగు నీరు స్నానాల గదిలోకి ఎదురెక్కిన రోజున గుర్తు వస్తుంది.

అది జరిగే విధానం తెలుసుకొనదగినది. గట్టిగా ఉన్న గొట్టాన్ని వేరు పగలగొట్టి లోపలికి పోదు. పాత మురుగు గొట్టాలు మట్టితో కాల్చినవి. వాటి అతుకుల వద్ద సిమెంటు కాలక్రమేణా వదులై చెమ్మ బయటికి ఊరుతుంది. మట్టిలోని ఆ చెమ్మ వైపు సన్నని వేరు సాగి, దారం పట్టేంత సందు ఉంటే చాలు, లోపలికి చేరుతుంది. లోపల నీరు, ఎరువు పుష్కలం. నెలలు గడిచేసరికి ఆ దారం జడగా, జడ చాపగా మారి, వచ్చిన చెత్తనంతా పట్టి ఉంచుతుంది. గొట్టాన్ని శుభ్రం చేయించినా వేరు మళ్లీ చిగురిస్తుంది. నేలలోని సంపుకు పగులు ఉంటే దానికీ ఇదే గతి. ఒక ఇంటి చెట్టు వల్ల వీధి మొత్తానికి మురుగు నిలిచిపోవచ్చును. ఆ విధంగా ఇంటి తోట వ్యవహారం వీధి వ్యవహారం అవుతుంది.

మహారాష్ట్రలోను, ఉత్తర కర్ణాటకలోను నల్లరేగడి మీద ఇళ్లు కట్టుకున్నవారికి మరొక జాగ్రత్త అవసరం. ఆ మట్టి తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. పునాది పక్కన దాహం ఎక్కువైన చెట్టు ఉంటే వేసవిలో మట్టిలోని చెమ్మనంతా లాగివేస్తుంది. గోడకు పగులు అక్కడి నుండే మొదలు కావచ్చును. బెంగళూరు ఎర్రనేలలో ఈ ప్రమాదం తక్కువ, గొట్టాల ప్రమాదం ఎక్కువ.

పొరపాటు తెలిసిన తరువాత చెట్టును కొట్టివేయవచ్చును గదా అని అనుకోవడానికీ వీలు లేదు. కర్ణాటకలో 1976 నాటి వృక్ష సంరక్షణ చట్టం, మహారాష్ట్ర నగరాలలో 1975 నాటి చట్టం అమలులో ఉన్నాయి. ఇంటి ఆవరణలోని చెట్టైనా నరకడానికి వృక్షాధికారి అనుమతి కావలసి రావచ్చును. చట్టం మాట అటుంచినా, పదేళ్లు పెంచిన చెట్టు మీద గొడ్డలి వేయించడం ఏ గృహస్థుకూ సుఖం కాదు. నాటే ముందు ఒక పూట ఆలోచిస్తే ఈ కష్టం రాదు.

ఇక నీటి మాట. 2024 మార్చిలో నీటి ఎద్దడి తీవ్రమైనప్పుడు బెంగళూరులో తోటలకు తాగునీరు వాడటాన్ని నిషేధించి, ఉల్లంఘించినవారికి 5,000 రూపాయల జరిమానా విధించారు. విల్లో వంటి చెట్టు సరిగ్గా అటువంటి వేసవిలోనే ఎక్కువ నీరు కోరుతుంది. వాడిన నీటిని శుద్ధి చేసి మళ్లీ వాడుకునే ఏర్పాటు లేనిచోట దానిని పెంచడం కావేరి నీటిని మట్టిపాలు చేయడమే.

అలాగైతే విల్లో ఎవరికి తగును? పెద్ద ఆవరణ గల విద్యాసంస్థలకు, శుద్ధిచేసిన నీరు నిత్యం లభించే నివాస సముదాయాలకు, ఊరి వెలుపల చెరువు గాని కుంట గాని ఉన్న తోటలకు తగును. అక్కడైనా కట్టడాలకు, గొట్టాలకు కనీసం 15 మీటర్ల దూరం పాటించాలి. నేల తడిగా ఉండాలి గాని ఎండ పూర్తిగా తగలాలి. జూన్, జూలై తొలకరి వానలు నాటడానికి అనువైన కాలం. పెన్సిలు లావు కొమ్మను జానెడుకు కొంచెం ఎక్కువ పొడవున కత్తిరించి, మూడింట రెండు వంతులు తడి మట్టిలో ఉంచితే వేరు పడుతుంది. కొమ్మ తలకిందులు కాకుండా చూసుకోవాలి. మొదటి రెండు మూడు సంవత్సరాలు ఒకే కాండాన్ని నిలబెట్టి, పక్క కొమ్మలను తీసివేస్తూ ఉంటే చెట్టుకు మంచి రూపు వస్తుంది. ఎండిన కొమ్మలను ఏటేటా వానకు ముందే తొలగించాలి. పేనుబంక, కాండం తొలిచే పురుగు వీటికి సాధారణమైన శత్రువులు. బెరడు మీద రంపపు పొట్టు వంటి పొడి కనిపిస్తే వెంటనే పరీక్షించాలి.

పొద విల్లోల విషయం వేరు. వీటిని శీతల దేశాలలో అలంకరణ కోసమే పెంచుతారు. స్కాట్లండులోని ఊరి పేరు మీద వచ్చిన కిల్‌మార్నాక్ విల్లోను నిటారు కాండం మీద అంటు కడతారు. అది గొడుగు వలె కిందికి వాలుతుంది. ఎత్తు అంటు కట్టిన చోటును మించి పెద్దగా పెరగదు. వసంతంలో దీని పూగుత్తులు మొదట వెండి రంగు నూగుతో, తరువాత పసుపు పుప్పొడితో నిండి ఉంటాయి. జపాను నుండి వచ్చిన హకురో నిషికి లేత ఆకులు తెలుపు, గులాబి కలిసిన రంగులో ఉంటాయి. తెల్ల విల్లోలో బ్రిట్‌జెన్సిస్ అనే రకం కొమ్మలు ఆకు రాలిన చలికాలంలో నారింజ ఎరుపుగా మెరుస్తాయి. కొత్త కొమ్మకే రంగు ఎక్కువ గనుక ఒకటి రెండేళ్లకొకసారి మొదటికంటా కత్తిరిస్తారు. మెలికల విల్లో కొమ్మలు పాము వలె వంకరలు తిరిగి, పూలు అమర్చేవారికి ఇష్టమైనవిగా ఉంటాయి.

ఈ పొదలను ఎన్నుకునేవారు వాతావరణాన్ని తప్పక లెక్కించాలి. వీటి అందం చలికాలం మీద ఆధారపడినది. ఆకు పూర్తిగా రాలి, మొక్క నిద్రించి, చలి తరువాత మేల్కొన్నప్పుడే ఆ రంగులు, ఆ పూగుత్తులు వస్తాయి. కాశ్మీరు, హిమాచలం వంటి చోట్ల ఇది సహజం. ఉదకమండలం, కొడైకెనాల్ వంటి కొండ ఊళ్లలో కొంతవరకు సాధ్యం. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరులో చలి తేలిక. హకురో నిషికి వంటివి ఇక్కడ బతికినా, మధ్యాహ్నపు ఎండకు ఆకు అంచులు మాడుతాయి. చెన్నై, యానాం, భువనేశ్వరం వంటి తీరప్రాంతపు ఊళ్లలో ఈ పొదల కోసం డబ్బు ఖర్చు చేయకపోవడమే వివేకం. విదేశాలలో ఇల్లు కొన్న బంధువులకు మాత్రం ఈ రకాలను నిరభ్యంతరంగా సూచించవచ్చును. ఇంటి ముందు చిన్న చోటుకు వారికి కిల్‌మార్నాక్ చాలును.

బెంగళూరులో తప్పక విల్లో కావాలనుకునే చిన్న ఇంటివారికి ఒక మార్గం మిగిలి ఉన్నది. పెద్ద కుండీలో మెలికల విల్లోను గాని వేలాడే విల్లోను గాని పెంచి, ఏటా వేళ్లను, కొమ్మలను కత్తిరిస్తూ మనిషి ఎత్తున నిలపవచ్చును. కుండీ అడుగున పళ్లెం తప్పక ఉండాలి. కుండీ రంధ్రం గుండా వేరు నేలలోకి దిగితే కుండీ పెట్టిన ప్రయోజనం పోతుంది. కూరగాయలు కడిగిన నీరు దీనికి సరిపోతుంది. పళ్లెంలో నిలిచిన నీటిని రెండు మూడు రోజులకొకసారి పారబోయకపోతే దోమలు పెరుగుతాయి.

జాలువారే రూపమే ముఖ్యమనుకునేవారికి విల్లో కాని మొక్కలు చాలా ఉన్నాయి. వేలాడే బాటిల్ బ్రష్ ఆస్ట్రేలియా చెట్టు. వంగిన రెమ్మల చివర ఎర్రని పూలు సీసా కడిగే కుంచె వలె పూస్తాయి. తేనెపిట్టలు దానిని విడువవు. నీటి అవసరం విల్లో కంటె చాలా తక్కువ. గోడ అంచున రసేలియా నాటితే పచ్చని దారాల వలె కిందికి జారి, ఎర్రని గొట్టపు పూలతో నిండిపోతుంది. కొంచెం పెద్ద చోటు ఉన్నవారికి, వాలిన కొమ్మలతో ఎప్పుడూ పచ్చగా ఉండే పుత్రజీవి తగును. ఊరి పక్క చెరువు గట్టున చోటు ఉన్నవారికి కణప చెట్టు సాటిలేనిది. ఒడియాలో దీనినే హింజళ అంటారు. సాయంత్రం విచ్చి ఉదయానికి రాలే ఎర్రని పూలు దండల వలె వేలాడి, నీటి మీద తివాచీ పరుస్తాయి. వేలాడే మర్రి అన్న పేరుతో అమ్మే ఫైకస్ బెంజమీనాను మాత్రం ఇంటి గోడ పక్కన నాటరాదు. దాని వేళ్లు విల్లో వేళ్లకు ఏమాత్రం తీసిపోవు.

చివరిగా ఏటిపాల విషయం. నిజానికి ఈ నగరంలో విల్లో ఉండవలసిన చోటు ఇంటి వాకిలి కాదు, చెరువు గట్టు. బెంగళూరు ఒకప్పుడు చెరువుల ఊరు. ఒక చెరువు నిండి పొరలిన నీరు రాజకాలువ ద్వారా మరొక చెరువుకు పోయే ఏర్పాటు పూర్వులు చేశారు. ఆ కాలువల ఒడ్డు మట్టి కోసుకుపోకుండా పట్టి ఉంచడానికి, నీటిని వెతికే వేరే కావాలి. ఇంటి వద్ద దోషమైన గుణం ఏటి వద్ద సుగుణం అవుతుంది. ఏటిపాల వానలకు, వరదకు అలవాటుపడిన చెట్టు. ఆకు కింది వైపు వెండి ఛాయ ఉండటం వల్ల గాలికి చెట్టంతా రంగు మారినట్లు కనిపిస్తుంది. రెమ్మలు బుట్టలల్లడానికి పనికివస్తాయి. దక్షిణదేశపు ఎండకు తట్టుకోవడానికి దానికి శిక్షణ అవసరం లేదు. తెల్లమద్ది, కానుగ, కణప చెట్లతో కలిపి నాటితే చెరువు గట్టుకు నీడ, పిట్టలకు గూడు, మట్టికి పట్టు దొరుకుతాయి.

అయితే చెరువు గట్టు, కాలువ ఒడ్డు ప్రజల ఆస్తి. అక్కడ ఎవరికి వారు మొక్కలు నాటడం మంచిది కాదు. నివాసుల సంఘం తీర్మానం చేసి, వార్డు కార్యాలయానికి గాని ఉద్యానశాఖకు గాని వ్రాతపూర్వకంగా విన్నవించుకోవాలి. విన్నపంలో చెట్ల పేర్లను కన్నడంలో కూడా వ్రాయాలి. ఏటిపాల అంటే అధికారికి తెలియకపోవచ్చును గాని నీరవంజి అంటే తెలిసే అవకాశం ఉన్నది. ఒకే చెట్టుకు నాలుగు భాషలలో పేర్లు ఉండటం ఇరుగుపొరుగుతో మాట కలపడానికి కూడా మంచి సందర్భం.

ఏ వీధికి ఏ చెట్టు తగునో ఆలోచించి నాటడం ఈ నగరానికి కొత్త కాదు. 1908లో మైసూరు రాజ్యానికి వచ్చిన జర్మను ఉద్యానవేత్త క్రుంబీగల్ బెంగళూరు వీధులకు చెట్లను ఎన్నుకున్నప్పుడు, ఒక వీధి పూలు రాలేసరికి మరొక వీధి పూచేటట్లు ఏర్పాటు చేయాలని తలచాడు. వసంతకాలంలో గులాబి రంగు తబేబుయాల కింద నడిచేవారు ఆ ఆలోచన ఫలాన్ని నేటికీ అనుభవిస్తున్నారు. ఆ నగరంలో నివసించేవారు తమ గేటు పక్కన నాటే ఒక్క మొక్క విషయంలోనైనా అంత ఆలోచన చేయడం న్యాయం.

కనుక నర్సరీకి బయలుదేరే ముందు గృహస్థులు నాలుగు విషయాలు చూసుకోవాలి. ఇంటి మురుగు గొట్టం ఏ దారిన పోతున్నది? సంపు ఎక్కడ ఉన్నది? ఎదిగిన చెట్టు కొమ్మ ఎవరి డాబా మీదికి పోతుంది? వేసవిలో దానికి పోసే నీరు ఎక్కడి నుండి వస్తుంది? ఈ నాలుగింటికి సమాధానం దొరికితే విల్లోను నిస్సంకోచంగా తెచ్చుకోవచ్చును. దొరకకపోతే వాకిట బాటిల్ బ్రష్ చాలును. విల్లోను చూడాలనిపించినప్పుడు కుటుంబమంతా నడిచివెళ్లి చూడటానికి, తాము కోరి నాటించిన ఏటిపాల ఒకటి చెరువు గట్టున ఎదుగుతూ ఉండాలి.